41 పేజీల పేకాట

మా మేనల్లుడు తన బ్యాంకు స్టేట్‌మెంటు ప్రింటు తీయమని హనుమకొండలోని నా షాపుకొచ్చింది 2020 ఫిబ్రవరిలో. మూడు నెలలదే. మధ్యలో ప్రింటరులో కాగితాలు అయిపోతే మళ్లీ పెట్టి తీశాను. మొత్తం 41 పేజీలు. ఇరవయ్యారేళ్ల మెడికల్ రెప్పు. నెలకు ఒక జీతం, ఒక ఇంటి అద్దె, ఒక బండి కిస్తీ. ఇతనికి 41 పేజీల లావాదేవీలు ఎక్కడివని చూస్తే, వరస నిండా ఒకటే పేరు. 500, 500, 1000, 500, 2000. ఒక్క ఆదివారం నాటివే మూడు పేజీలున్నాయి. ఫోన్లో బ్యాంకు మెసేజ్‌లు చూపించాడు. రాత్రి 1.52కి ఒకటి, 1.58కి ఒకటి, 2.06కి ఒకటి.

"ఎన్ని పోయినయిరా?" అనడిగాను.

"లెక్క నాకే తెల్వది మామా. గందుకే ప్రింటు తియ్యమన్న."

క్యాలిక్యులేటరు పెట్టుకుని ఇద్దరం కూర్చున్నాం. గెలిచి వెనక్కొచ్చినవి తీసేస్తే పోయింది 6 లక్షల 18 వేలు. ఆన్‌లైన్ రమ్మీలో. మా అక్క గొలుసు అప్పటికే తాకట్టులో ఉంది. ఆ సంగతి ఆమెకు ఇంకా తెలియదు.

ఆ రోజు నుంచి ఎక్కడ గేముల మాట వచ్చినా ఆగి వింటాను. షాపు ముందు టీ తాగేవాళ్లు, పేరెంట్స్ మీటింగులో తండ్రులు, టీవీ చర్చల్లో పెద్దమనుషులు అందరికీ దీని మీద గట్టి అభిప్రాయాలే ఉన్నాయి. ఫోన్లో గేములన్నీ బ్యాన్ చెయ్యాలనేవాళ్లు ఒకవైపు. ఎవడి డబ్బు వాడిష్టం, సర్కారుకేం పని అనేవాళ్లు ఇంకోవైపు. ఇద్దరూ పబ్జీని, రమ్మీని, క్రికెట్ బెట్టింగును, పిల్లలు మిఠాయిలు జరుపుకునే ఆటను ఒకే సంచిలో వేసి మాట్లాడతారు. మన చట్టాలు కూడా చాలాకాలం ఆ తప్పే చేశాయి. అడగాల్సిన ప్రశ్న ఒకటుంటే, న్యాయస్థానాల్లో, శాసనసభల్లో ఏళ్ల తరబడి నలిగింది వేరొకటి. నలిగిన ప్రశ్న: రమ్మీ నైపుణ్యమా, అదృష్టమా?

ఆ ప్రశ్న పుట్టింది మన సికింద్రాబాద్‌లో. 1963 మే నెలలో క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. లోపల సభ్యులు డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారు. నిజాం కాలం నాటి హైదరాబాద్ జూద చట్టం కింద కేసు పెట్టారు. మేజిస్ట్రేటు శిక్ష వేశాడు, హైకోర్టు ఆ శిక్షను కొట్టేసింది, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1967 నవంబరులో తీర్పు వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణల కేసుగా న్యాయవాదులందరికీ కంఠస్థమైన తీర్పు అది. అందులో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదు. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, సీక్వెన్సు కట్టుకోవాలి. ముక్కలు పంచడంలో అదృష్టం ఉన్నా, ఆటలో పైచేయి నైపుణ్యానిదే. కాబట్టి అది జూదం కిందికి రాదు.

ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలన్నీ దశాబ్దాల తర్వాత ఈ తీర్పు మీదే నిలబడ్డాయి. అయితే ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది. దాన్ని ప్రకటనల్లో ఎవరూ చెప్పలేదు. క్లబ్బు యజమాని ఆ ఆట మీద లాభం చేసుకుంటున్నట్టు రుజువైతే అప్పుడు నేరం అవ్వచ్చని కోర్టు ఆ దారి తెరిచే ఉంచింది. సికింద్రాబాద్ క్లబ్బు వసూలు చేసింది కూర్చునే చార్జీ, ముక్కలకయ్యే ఖర్చు. దాన్ని లాభం అనలేమని తేల్చింది. అంటే 1967లోనే న్యాయమూర్తుల చూపు ఆట ఎలాంటిది అన్న దగ్గర ఆగలేదు, నడిపేవాడికి ఏం మిగులుతోంది అన్న దాకా వెళ్లింది. ఆ రెండో చూపును మనం పోగొట్టుకున్నాం.

ఫోన్లో రమ్మీ నడిపేవాడికి ఏం మిగులుతుందో మా మేనల్లుడి కాగితాల వెనకే లెక్కేశాను. యాప్ ప్రతి ఆటలోనూ గెలిచిన సొమ్ములోంచి కమీషన్ కోసుకునేది. సుమారు పది శాతం, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువ. సరిసమానమైన నేర్పున్న ఇద్దరు చెరో వెయ్యి రూపాయలతో కూర్చున్నారనుకుందాం. ఆటకు వంద రూపాయలు చేతులు మారతాయి, అందులో పది యాప్‌కు. వంద ఆటలాడారు, చెరి యాభై గెలిచారు. ఒకరి మీద ఒకరు గెలిచిందేమీ లేదు. కానీ ఇద్దరి దగ్గరా కలిపి ఉన్న 2 వేలలో వెయ్యి రూపాయలు యాప్ జేబులోకి వెళ్లాయి. ఎవరూ ఓడిపోకుండానే సగం డబ్బు మాయమైంది. ఇంకో వంద ఆటలు ఆడితే మిగిలిన సగమూ పోతుంది.

క్లబ్బులో అయిదారుగురు కూర్చుని పదమూడు ముక్కలాట ఆడితే ఒక ఆటకు పది, పదిహేను నిమిషాలు పడుతుంది. ముక్కలు కలపాలి, పంచాలి, షో అయ్యాక పాయింట్లు లెక్కపెట్టి కాగితం మీద రాయాలి. మధ్యలో ఒకడికి ఇంటి నుంచి కబురొస్తుంది, ఒకడు చాయ్ చెప్తాడు. వంద ఆటలంటే వారం రోజుల సాయంత్రాలు. ఫోన్లో ఆట రెండు మూడు నిమిషాలు. వంద ఆటలంటే ఒక్క రాత్రి. ఎదురుగా మొహం ఉండదు, ఇక చాలు లేవరా అనే మనిషి ఉండడు, చీకట్లో దుప్పటి కప్పుకుని వెలిగే తెర మాత్రమే. నియమాలు అవే, ముక్కలు అవే, ఎనభై పాయింట్ల ఫుల్ కౌంటూ అదే. సికింద్రాబాద్‌లో న్యాయమూర్తుల ముందుకొచ్చిన ఆట మాత్రం ఇది కాదు. మా వాడికి నైపుణ్యం లేక కాదు. చిన్నప్పటి నుంచి దసరా సెలవుల్లో మా అందరినీ ఓడించేవాడు. ఆ నమ్మకమే అతన్ని ముంచింది.

మరి అప్పటికి తెలంగాణలో ఆన్‌లైన్ రమ్మీ మీద నిషేధం లేదా? ఉంది. 2017 జూన్‌లోనే మన ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించింది. నైపుణ్యపు ఆటలన్న మినహాయింపును తీసేసి, ఆన్‌లైన్లో డబ్బు పెట్టి ఆడితే ఏ ఆటైనా నేరమేనంది. దేశంలో ముందుగా ఆ పని చేసిన రాష్ట్రాల్లో మనది ఒకటి. అప్పటి నుంచి యాప్‌లు ఫోను ఎక్కడుందో చూసి, తెలంగాణ అయితే ఆట తెరిచేవి కావు.

మా వాడు పనిచేసేది ఖమ్మంలో. డాక్టర్లను కలవడానికి మధిర వైపు వెళ్లేవాడు. అక్కణ్నుంచి బండి మీద సరిహద్దు దాటి, కృష్ణా జిల్లాలో ఒక టీ కొట్టు దగ్గర కూర్చుని ఆడేవాడు. అక్కడ తనలాంటివాళ్లు తెలంగాణ బండ్లతో మరో నలుగురైదుగురు కనిపించేవాళ్లట. కొన్నాళ్లకు ఆ తిరుగుడూ అవసరం లేకపోయింది. ఫోను వేరే ఊళ్లో ఉన్నట్టు చూపించే చిన్న యాప్ ఒకటి వేసుకున్నాడు. ఖమ్మం గదిలో పడుకుని, ఫోనును మాత్రం విజయవాడలో ఉన్నట్టు నమ్మించాడు. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ కూడా నిషేధం పెట్టింది. ఆ అక్టోబరులో అప్పటి ముఖ్యమంత్రి 132 వెబ్‌సైట్లు, యాప్‌ల జాబితాతో, వాటిని ఆపించమని కేంద్రానికి లేఖ రాశారు. ఆ లేఖలోనే అసలు ఇబ్బంది తెలుస్తుంది. రాష్ట్రం నేరమని చెప్పగలదు. ఇంటర్నెట్‌లో దారి మూయడం, బ్యాంకులకు చెల్లింపులు ఆపమని చెప్పడం దాని చేతిలో లేవు.

ఇక్కడ నేను వేరే ఆటల తరఫున కూడా మాట్లాడాలి. లేకపోతే అన్యాయం చేసినవాణ్నవుతాను.

2004లో నేను తెరిచింది జిరాక్స్ షాపు కాదు, నెట్ సెంటరు. పన్నెండు కంప్యూటర్లు, గంటకు 20 రూపాయలు. రిజల్ట్స్ రోజుల్లో తప్ప మెయిల్స్ చూసుకునేవాళ్ల కంటే కౌంటర్ స్ట్రైక్ ఆడే ఇంజనీరింగు పిల్లలే ఎక్కువ. ఒక వైరుతో కంప్యూటర్లన్నీ కలిపి, ఆరుగురు ఒకవైపు, ఆరుగురు ఒకవైపు. వైస్ సిటీ, రోడ్ రాష్, నీడ్ ఫర్ స్పీడ్. ఆ అరుపులకు పక్క టైలరు వచ్చి గొడవపడేవాడు. ఇంట్లో నోరు విప్పని పిల్లవాడు అక్కడ జట్టుకు నాయకుడయ్యేవాడు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ఆ ఆటల్లోనే ఇంగ్లీషుకు అలవాటుపడ్డారు. ఆడి ఆడి పాడైన కంప్యూటరు విప్పి బాగుచేయడం నేర్చుకున్న ఇద్దరు ఇప్పుడు హైదరాబాద్‌లో అదే రంగంలో ఉన్నారు. చదువు పాడుచేసుకున్నవాళ్లు లేరా అంటే ఉన్నారు. తండ్రులు వచ్చి చెవి పట్టుకుని లాక్కెళ్లిన రోజులు నాకు గుర్తున్నాయి. కానీ అక్కడ పోగలిగింది గంటకు 20 రూపాయలు. గంటైతే తెర ఆగిపోయేది. రాత్రి పదికి నేను షట్టరు దించేవాణ్ని.

2011లో కేంద్రం సైబర్ కెఫేలకు నిబంధనలు తెచ్చింది. వచ్చినవాళ్ల గుర్తింపు కార్డు చూడాలి, రిజిస్టరు కనీసం ఏడాది దాచాలి, మధ్య చెక్కల ఎత్తు నాలుగున్నర అడుగులు దాటకూడదు, మైనరు పిల్లలను తల్లిదండ్రులు పక్కన లేకుండా గదిలాంటి క్యాబిన్లో కూర్చోబెట్టకూడదు. నేను వడ్రంగిని పిలిచి చెక్కలన్నీ కోయించాను. ఖర్చయినా ఆ నిబంధన నాకు నచ్చింది. పిల్లవాడు ఏం చేస్తున్నాడో పక్కనున్న పెద్దమనిషి కంట్లో పడాలన్నది అందులోని ఆలోచన. 2016లో జియో వచ్చాక ఆ పిల్లలందరూ ఫోన్లలోకి వెళ్లిపోయారు. నేను కంప్యూటర్లు అమ్మేసి జిరాక్స్ మిషన్లు పెట్టుకున్నాను. ఫోనుకు చెక్క లేదు, షట్టరు లేదు. నా షాపులో చెక్క ఎత్తు కొలిచిన ప్రభుత్వం, ఆ పని ఫోన్లో ఎలా చేయాలో చాలా ఏళ్లు ఆలోచించనే లేదు.

పబ్జీ విషయంలో జరిగింది చూడండి. 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసులు ఊళ్లో ఆ ఆట నిషేధించి, ఆడుతున్న పది మందిని అరెస్టు చేశారు. పిల్లల చేతికి బేడీల దాకా వెళ్లే ఆలోచన అది, నాకు మింగుడుపడదు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీతో పాటు మొత్తం 118 యాప్‌లను ఆపేసింది. పిల్లలు బాగుపడతారని మా వీధిలో తల్లులు సంతోషపడ్డారు. ఆ ఉత్తర్వు వచ్చింది మాత్రం పిల్లల కోసం కాదు. చైనాతో గల్వాన్ ఘర్షణ తర్వాత, దేశ భద్రత, సమాచార రక్షణ కారణాలతో ఐటీ చట్టం 69ఏ సెక్షన్ కింద వచ్చింది. అందుకే 2021 జూలైలో అదే ఆట కొరియా కంపెనీ చేతిమీదుగా బీజీఎంఐ అనే కొత్త పేరుతో తిరిగొచ్చింది. పద్దెనిమిదేళ్లలోపు వాళ్లు రోజుకు మూడు గంటలే ఆడాలని, రోజుకు 7 వేల రూపాయలకు మించి ఖర్చు పెట్టకూడదని ఆ కంపెనీ హద్దులు పెట్టింది. మూడు గంటల హద్దు మీద అందరూ మాట్లాడారు. ఒక పిల్లవాడు రోజుకు 7 వేలు ఖర్చు పెట్టడం సబబే అనే రెండో హద్దు గురించి మా ఊళ్లో ఒక్కరూ మాట్లాడగా వినలేదు. మా షాపులో పనిచేసే కుర్రవాడి జీతం అప్పుడు నెలకు 9 వేలు.

గంటలు కొలిచే దారి వేరే దేశాలు కూడా పట్టాయి. కొరియా 2011లో పదహారేళ్లలోపు పిల్లలకు అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు దాకా ఆన్‌లైన్ ఆటలు బంద్ చేసింది. పిల్లలు తల్లిదండ్రుల గుర్తింపు నంబర్లతో ఆడారు. ఈలోగా ఆట కంప్యూటరు నుంచి ఫోనుకు మారిపోయింది. పదేళ్లు చూసి ఆ చట్టాన్ని ఎత్తేసింది. చైనా 2021లో మైనర్లకు శుక్ర, శని, ఆదివారాలు, సెలవు రోజుల్లో రాత్రి ఎనిమిది నుంచి తొమ్మిది వరకు మాత్రమే అంది. అది అమలు కావాలంటే ఆడేవాడి మొహాన్ని కెమెరా గుర్తుపట్టాలి. ప్రతి పిల్లవాడి మొహం ఒక కంపెనీ దగ్గర ఉండే దేశం నాకు వద్దు.

2025 ఆగస్టులో మన పార్లమెంటు చేసిన పని వేరు. ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ బిల్లు 20వ తేదీన లోక్‌సభ, 21న రాజ్యసభ దాటి, 22న రాష్ట్రపతి ఆమోదం పొందింది. మూడే రోజుల్లో. అంత తొందర నాకు నచ్చలేదు. దాని మీద బతికే ఉద్యోగులున్నారు, వాళ్ల మాట వినాల్సింది, సభలో చర్చ జరగాల్సింది. కానీ చట్టంలోని అసలు మాట సరైనది. ఆటలను మూడుగా విడదీసింది. ఈ-స్పోర్ట్స్ ఒకటి, సరదా ఆటలు ఒకటి, డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలు ఒకటి. మొదటి రెంటినీ ప్రోత్సహిస్తామంది. మూడోదాన్ని నిషేధించింది. అది నైపుణ్యమైనా, అదృష్టమైనా, రెండూ కలిసినా సరే. సికింద్రాబాద్ నుంచి మొదలైన ప్రశ్నను ఆ ఒక్క మాటతో పక్కన పెట్టింది.

నాకు ఇంకా నచ్చింది శిక్ష ఎవరికి అన్నది. నడిపేవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేసేవాళ్లకు రెండేళ్లు, 50 లక్షల దాకా. డబ్బు దారి చూపించే బ్యాంకులూ, చెల్లింపు సంస్థలూ కూడా నేరస్థులే. ఆడినవాడికి శిక్ష లేదు. అతన్ని బాధితుడిగానే చూస్తామని ప్రభుత్వం చెప్పింది. మా మేనల్లుడు అప్పట్లో నెలల తరబడి ఎవరికీ చెప్పకపోవడానికి ఒక కారణం, తెలంగాణలో తాను చేస్తున్నది నేరమని తెలియడం. పోలీసులంటే భయం. సాయం అడగాల్సినవాడి నోరు చట్టమే కట్టేసింది. అదే చట్టం ఆ 500 రూపాయల చెల్లింపులను బ్యాంకు దగ్గరే ఆపి ఉంటే 41 పేజీలు అచ్చయ్యేవి కావు.

రమ్మీ, ఫాంటసీ క్రికెట్ కంపెనీలు రోజుల వ్యవధిలో డబ్బాటలు ఆపేశాయి. భారత క్రికెట్ జట్టు చొక్కా మీది పేరు కూడా అప్పుడే మారాల్సి వచ్చింది. చట్టం మీద కేసులు వేరువేరు హైకోర్టుల్లో పడి, సుప్రీంకోర్టుకు చేరాయి. అంతకు రెండేళ్ల ముందు, 2023 అక్టోబరు 1 నుంచి, ఇదే డబ్బాటల పందెం మొత్తం మీద ప్రభుత్వం 28 శాతం జీఎస్టీ వేసింది. ఇళ్లు కూలుస్తోందని తెలిసిన దాని మీద పన్ను వసూలు చేయడం మొదటి నుంచీ తప్పే. ఆలస్యంగానైనా ఆ ఆదాయం వదులుకున్నారు.

చట్టం చేరని చోట్లూ ఉన్నాయి. విదేశాల్లో కూర్చుని టెలిగ్రామ్ గ్రూపుల ద్వారా నడిపే క్రికెట్ బెట్టింగు యాప్‌లకు మన శిక్షలంటే లెక్క లేదు. ఊరూపేరూ లేని ఖాతాలు అద్దెకు తీసుకుని డబ్బు మళ్లిస్తారు. ఈ చట్టానికి ముందే, 2025 మార్చిలో, హైదరాబాద్ పోలీసులు అలాంటి యాప్‌లకు ప్రచారం చేసిన సినిమా, టీవీ, యూట్యూబ్ మొహాల మీద కేసులు పెట్టారు. అప్పటి ఆర్టీసీ ఎండీ సజ్జనార్ వాటికి వ్యతిరేకంగా గట్టిగా మాట్లాడుతూ వచ్చారు. ఆ పని మిగతా జిల్లాల్లోనూ జరగాలి.

ఇక మనిషికి సాయం. అలవాటు జబ్బుగా మారుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒప్పుకుంది. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన జబ్బుల పట్టికలో గేమింగ్ రుగ్మత ఉంది. బెంగుళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచే దీనికి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. మా వాణ్ని అక్కడికే తీసుకెళ్లాను. మా జిల్లాలో ఆ రోజుల్లో ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పేవాళ్లే లేరు. ఇప్పుడు టెలీ మానస్ ఉంది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. ఆ నంబరు రాసిన కాగితం మా షాపు గోడకు అంటించాను. దాన్ని చూస్తూ నిలబడి, ఏమీ అడగకుండా ఫోన్లో ఫోటో తీసుకుని వెళ్లిపోయినవాళ్లు ఇప్పటికి ఏడెనిమిది మంది. మా మేనల్లుడు ఇంకా కిస్తీలు కడుతున్నాడు. దసరాకు ఇంటికొచ్చినా ముక్కలు ముట్టడు, మేమూ తీయం.

మొన్న ఒక ఆటో డ్రైవరు తన ఏడో తరగతి కొడుకుతో వచ్చాడు. "అన్నా, నా ఖాతాల తొమ్మిది వేలు లేవు, ఎవడో కొట్టేసిండు, సైబర్ క్రైము 1930కి కంప్లయింటు రాసియ్యి" అన్నాడు. ఫోన్ తెరిచి చూస్తే దొంగ ఎవరూ లేరు. పిల్లవాడు ఆటలో వజ్రాలు కొన్నాడు. వజ్రాలతో పెట్టెలు తెరుస్తారు, పెట్టెలో ఏం వస్తుందో తెరిచేదాకా తెలియదు. కావాల్సిన తుపాకీ రంగు వచ్చేదాకా తెరుస్తూ పోయాడు. కొన్న వస్తువు తిరిగి రూపాయలు కాదు కనుక ఇలాంటివి సరదా ఆటల లెక్కలోకే వెళ్లిపోతాయి. బెల్జియం 2018లోనే ఇలాంటి పెట్టెలను జూదం కింద చేర్చింది. మన చట్టంలో వీటికింకా పేరు లేదు. గంటకు 20 రూపాయలు తీసుకుని పిల్లల్ని ఆడించినవాణ్ని చెబుతున్నాను. ఏం వస్తుందో చెప్పకుండా పిల్లవాడి దగ్గర డబ్బు తీసుకోవడం ఆట కాదు.

పిల్లవాడు తల దించుకుని ఏడుస్తున్నాడు. తండ్రి చెయ్యెత్తితే పట్టుకుని ఆపాను. డబ్బు వాపసు కోరే అర్జీ ఆన్‌లైన్లో నింపి పంపాను. ఫోన్లో ప్లే స్టోర్ సెట్టింగులు తెరిచి, ఏది కొనాలన్నా ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా మార్చాను. పాస్‌వర్డ్ ఏం పెట్టాలని తండ్రిని అడిగితే, పిల్లవాడికి వినపడకుండా నా చెవిలో చెప్పాడు.